చేపల గంప, శాలువా
(రేవుల కథలు – 14వ భాగం)

గత వారం మాధవాయపాలెంలో ఆగాం. నరసాపురం పక్కనే ఉన్న ఆ పాలెంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టడం, వాళ్ల నోట ఊరి పేరు మదపోలం కావడం, ఆ పేరుతోనే మన నూలుబట్ట ఐరోపా బజార్లకు చేరడం చెప్పుకున్నాం. ఇప్పటికీ ఫ్రెంచి నిఘంటువు తెరిస్తే మదపోలం అంటే ఒక రకం నూలుబట్ట అనే ఉంటుంది. బట్ట పేరులో ఊరు మిగిలింది గానీ, దారం వడికిన ఆడవాళ్ల పేరు ఒక్కటీ మిగల్లేదు.

ఈ వారం కథ కూడా అలా పేరు మిగలని ఆడవాళ్లదే. వాళ్లు మన రేవు వాళ్లు కారు, స్కాట్లాండు రేవు వాళ్లు. అయినా గంప నెత్తినెత్తుకుని తెల్లారేసరికి నరసాపురం వీధుల్లో కేకేసే మన చేపలమ్మలను చూసినవాళ్లకు వాళ్లు పరాయివాళ్లు అనిపించరు. ఈ రోజు కోట్ల రూపాయల బహుమతులతో, ప్రపంచమంతా చూస్తుండగా సాగే మహిళల మేజర్ గోల్ఫ్ పోటీల చరిత్ర రాయాలంటే మొదటి పేజీలో రాణులను గాని, జమీందారిణులను గాని పెట్టడం కుదరదు. అక్కడ ఉండాల్సింది చేపలమ్మలే.

ఎడిన్‌బరోకు తూర్పున, ఎస్క్ అనే చిన్న నది సముద్రంలో కలిసేచోట మస్సెల్‌బరో అనే ఊరుంది. ఆ పేరే ఆల్చిప్పల మీద వచ్చింది. ఊరికీ సముద్రానికీ మధ్య ఇసుక నేల. దాన్ని అక్కడ లింక్స్ అంటారు. అంతర్వేది, పేరుపాలెం వైపు వెళ్లినప్పుడు సరుగుడు తోటలు దాటాక అలలకు ఇవతల కనిపించే పర్ర లాంటిదే. నాగలి దిగదు, పంట పండదు, పొట్టి గడ్డి మొలుస్తుంది, గాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది. ఎవరికీ పనికిరాని ఆ నేల మీదే గోల్ఫ్ పెరిగింది. కర్రతో బంతిని కొట్టుకుంటూ పోయి గుంటలో వేయాలి. ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత గొప్ప. మస్సెల్‌బరో లింక్స్ మీద 1672లోనే ఈ ఆట ఆడినట్టు లెక్కల పుస్తకాల్లో ఆధారం ఉంది.

ఆ ఊళ్లో మగవాళ్లు వేటకు పోతే, పడిన చేపను అమ్మే బాధ్యత ఆడవాళ్లది. మన వాళ్లు తల మీద చుట్టకుదురు పెట్టుకుని దాని మీద గంప నిలుపుతారు. వాళ్లు గంపను వీపు మీద వేసుకుని, దాని పట్టీని నుదుటికి తగిలించుకునేవారు. లంగాలు పైకి ఎగదోపుకుని, మెడ కండలు బిగబట్టి, మైళ్ల దూరం నడిచి ఎడిన్‌బరో వీధుల్లో చేప అమ్మి తిరిగొచ్చేవారు. ఆ ప్రాంతపు చర్చి పాదరీ అలెగ్జాండర్ కార్లైల్ 1790ల్లో స్కాట్లాండు ఊళ్ల వివరాల సంపుటికి తన ఊరి సంగతులు రాసి పంపుతూ వీళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాడు. వీళ్లలో ముగ్గురు ఒక్కొక్కరూ 200 పౌండ్ల హెర్రింగ్ చేపను, అంటే మన లెక్కలో 90 కిలోల బరువును మోసుకుని, డన్‌బార్ నుంచి ఎడిన్‌బరో దాకా 27 మైళ్లు 5 గంటల్లో నడిచారని ఆయన రాశాడు. అంత నమ్మశక్యంగా లేని అంకె అది. అయినా ఊరివాళ్లు వాళ్ల సత్తా గురించి ఏమనుకునేవారో దాన్నిబట్టి అర్థమవుతుంది.

మనకు కావలసిన మాట ఆ తర్వాత వస్తుంది. మగవాళ్ల పని చేసే ఈ స్త్రీల ఆటలు కూడా మగవాళ్ల ఆటలేనని, సెలవు రోజుల్లో వీళ్లు తరచూ గోల్ఫ్ ఆడతారని ఆయన రాశాడు. ఏడాదికోసారి పండగనాడు పెళ్లయినవాళ్లకూ, కానివాళ్లకూ ఫుట్‌బాల్ పందెం కూడా ఉండేదట. ఎప్పుడూ పెళ్లయినవాళ్లే గెలిచేవారట.

ఆ చలిగాలిలో, ఆ ఇసుక పర్ర మీద, వారమంతా నుదుటిని కోసిన పట్టీని తీసి పక్కన పెట్టి, చేతికి కర్ర తీసుకున్న ఆడమనిషి నాకు కళ్లముందు కనిపిస్తూనే ఉంటుంది. భుజాల్లో బలానికి కొదవలేదు. నవ్వులు, కేకలు, పందేలు, చుట్టూ పిల్లలు.

1810 డిసెంబరు 14న మస్సెల్‌బరో గోల్ఫ్ క్లబ్బు పెద్దమనుషులు సమావేశమై ఒక తీర్మానం రాసుకున్నారు. కొత్త సంవత్సరం రోజున, పాత పంచాంగం ప్రకారం జనవరి 1న, కొత్త లెక్కలో జనవరి 12న, అందరికంటే బాగా ఆడిన స్త్రీకి చందాలు వేసుకుని ఒక అందమైన కొత్త చేపల గంప, ఒక శాలువా ఇవ్వాలని నిశ్చయించారు. వాటికి తోడు మేలురకం బార్సిలోనా పట్టు రుమాళ్లు రెండు. ఈ సంగతి చేపలమ్మలకు క్లబ్బు బంట్రోతు చేత చెప్పించాలని కూడా రాసుకున్నారు. ఆడవాళ్ల గోల్ఫ్ పోటీకి బహుమతి పెట్టినట్టు ప్రపంచంలో దొరికిన మొదటి రాతపూర్వక ఆధారం ఇదే.

గోల్ఫ్ చరిత్ర పుస్తకాలు దీన్ని మగవాళ్ల క్లబ్బు దయగా ఏర్పాటు చేసిన మొదటి మహిళా పోటీ అన్నట్టు చెబుతాయి. నేను ఒప్పుకోను. తీర్మానంలో ఒక మాటను ఆగి చదవాలి. ఆ పోటీని వాళ్లు ఏటా జరిగే సందర్భం అన్నారు. అంటే క్లబ్బు అప్పటికప్పుడు పుట్టించిన పోటీ కాదది. చేపలమ్మలు తమంతట తాము ఏటా ఆడుకుంటున్నారు. పెద్దమనుషులు చేసిందల్లా దానికి బహుమతి చేర్చడం. ఎంచిన బహుమతి మాత్రం ఆ ఆడవాళ్లను ఎరిగినవాళ్లు ఎంచినదే. వెండి గిన్నె ఇస్తే అటక మీదికి పోయేది. గంప ఇస్తే మర్నాడు పొద్దున్నే వీపు మీదికి ఎక్కుతుంది.

తీర్మానంలో ఒక్క చేపలమ్మ పేరు కూడా లేదు.

ఆ తర్వాత ఆడవాళ్ల గోల్ఫ్ వేరే ఇళ్లకు చేరింది. 1867లో సెయింట్ ఆండ్రూస్‌లో ఆడవాళ్లకు క్లబ్బు ఏర్పడింది. సభ్యులు పై తరగతి ఇళ్లవాళ్లు. వాళ్లకు కేటాయించింది గుంట దగ్గర బంతిని మెల్లగా దొర్లించే పచ్చిక మాత్రమే. కర్రను భుజం మీదికి ఎత్తి కొట్టడం ఆడదానికి అందం కాదన్నారు. 1890లో ఒక స్కాటిష్ ప్రభువు, ఆడవాళ్ల దెబ్బ డెబ్భై ఎనభై గజాలు దాటకూడదని, అంతకు మించి కొట్టాలంటే వాళ్ల దుస్తుల్లో ఆ భంగిమ బాగుండదని రాశాడు. దుస్తులదే అసలు ఇబ్బంది. నేలకు జీరాడే లంగా గాలికి లేచి బంతిని కప్పేసేది. దానికి విరుగుడుగా లంగా చుట్టూ బిగించే ఒక సాగే పట్టీని కనిపెట్టి, దాన్ని మిస్ హిగ్గిన్స్ అని పిలుచుకున్నారు. చేపలమ్మలకు ఆ పట్టీ అవసరమే పడలేదు. పనికి ఎగదోపుకున్నట్టే ఆటకూ ఎగదోపుకున్నారు, మన పొలాల్లో నాటుకు దిగే అమ్మలు చీర కుచ్చిళ్లు ఎత్తి నడుముకు దోపుకున్నట్టు.

ఇక్కడ కాసేపు మన ఊరికి రావాలి. నరసాపురం లేసు గురించి ఈ వరసలో ముందు ముందు వివరంగా చెప్పుకుంటాం. 19వ శతాబ్దంలో మిషనరీల చేత ఈ డెల్టాకు వచ్చిన క్రోషియా అల్లిక మన ఇళ్ల అరుగుల మీద స్థిరపడి, 2024లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. దీన్ని అధ్యయనం చేయడానికి వచ్చిన జర్మన్ సమాజశాస్త్రవేత్త మారియా మీస్ 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె గమనించింది ఏమిటంటే, పొద్దస్తమానం సూది పట్టుకుని అల్లే ఆడవాళ్లను ఎవరూ పనివాళ్లు అనడం లేదు. వాళ్లు ఇంట్లో ఉండే గృహిణులనీ, తీరిక వేళ ఏదో అల్లుకుంటారనీ అందరూ అనుకున్నారు. లేసు సముద్రాలు దాటి అమ్ముడుపోయింది, అల్లినవాళ్లు మాత్రం లెక్కలోకి రాలేదు. మస్సెల్‌బరోలో పనిచేసే ఆడవాళ్లు తీరిక చిక్కించుకుని ఆడారు. మన దగ్గర పనిచేసే ఆడవాళ్ల పనికే తీరిక అని పేరు పెట్టారు. ఈ రెండు రేవులనూ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు అనిపించింది అందుకే.

మళ్లీ ఆటలోకి వద్దాం. 1893లో బ్రిటన్‌లో మహిళల గోల్ఫ్ సంఘం ఏర్పడి, లిథమ్ సెయింట్ ఆన్స్‌లో మొదటి జాతీయ పోటీ పెట్టింది. లేడీ మార్గరెట్ స్కాట్ వరసగా మూడేళ్లు గెలిచింది. ఇది డబ్బు ప్రమేయం లేని ఔత్సాహికుల పోటీ. ఆటనే జీవనంగా చేసుకున్న ఆడవాళ్ల కోసం అమెరికాలో 1946లో ఒక పెద్ద ఓపెన్ మొదలైంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పొకేన్‌లో జరిగిన ఆ యూఎస్ విమెన్స్ ఓపెన్‌ను ప్యాటీ బర్గ్ గెలిచింది. నేటి మహిళల మేజర్లు అయిదు. వాటిలో అన్నిటికన్నా పాతది ఇదే. 1950లో పదముగ్గురు స్త్రీలు కలిసి ఎల్‌పీజీఏ అనే తమ వృత్తి సంఘం పెట్టుకున్నారు. కార్లు తామే నడుపుకుంటూ ఊరి నుంచి ఊరికి తిరిగారు. మైదానం కొలతలు, నిబంధనల తీర్పులు, ప్రచారం అన్నీ తామే చూసుకున్నారు.

ఆ పదముగ్గురిలో ఒకామె బేబ్ డిడ్రిక్సన్ జహారియాస్. 1932 ఒలింపిక్స్‌లో హర్డిల్స్‌లో, జావెలిన్‌లో స్వర్ణాలు గెలిచిన మనిషి. 1953 ఏప్రిల్‌లో పేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగింది. మలద్వారం మూసి, పొట్ట మీద కృత్రిమ మార్గం పెట్టారు. ఇక ఆట ముగిసినట్టేనని అందరూ అనుకున్నారు. మరుసటి ఏడాది మసాచుసెట్స్‌లోని సేలం కంట్రీ క్లబ్బులో, ఆ సంచీ నడుముకు ఉండగానే, ఆమె యూఎస్ విమెన్స్ ఓపెన్ ఆడి 12 దెబ్బల తేడాతో గెలిచింది. తన జబ్బును దాచుకోలేదు. క్యాన్సర్ మాట పైకి అనడానికే జనం జంకే కాలంలో బాహాటంగా మాట్లాడింది. రెండేళ్ల తర్వాత, 1956లో, 45 ఏళ్లకే పోయింది. మేజర్ల చరిత్రలో గెలుపులు చాలానే ఉన్నాయి. నాకు మాత్రం దీని పక్కన నిలబెట్టదగ్గది ఇంకొకటి దొరకలేదు.

మస్సెల్‌బరో చందా తరహాది ఇంకోటి 1957లో జరిగింది. హవాయి నుంచి వచ్చిన జాకీ పంగ్ అదే ఓపెన్‌లో అందరికంటే తక్కువ దెబ్బలతో ముగించింది. అయితే నాలుగో గుంటకు ఆరు దెబ్బలు పడితే, స్కోరు చీటీలో అయిదని ఉంది. మొత్తం కూడిక సరిగ్గానే ఉన్నా, తప్పు చీటీ మీద సంతకం పెట్టిందని ఆమెను పోటీ నుంచి తొలగించారు. అక్కడి క్లబ్బు సభ్యులు అప్పటికప్పుడు చందాలు వేసుకుని 3,000 డాలర్లకు పైగా ఆమె చేతిలో పెట్టారు. విజేతకు దక్కింది 1,800.

ఆ యూఎస్ విమెన్స్ ఓపెన్‌లోనే 2021 జూన్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒలింపిక్ క్లబ్బులో, మొదటి రోజు సాయంత్రం స్కోరు పలక మీద ఒక పేరు అందరికంటే పైకి వచ్చింది. మేఘ గన్నె. తెలుగు పద్ధతిలో ఇంటిపేరు ముందు పెట్టి గన్నె మేఘ అని చదవండి, మన పక్కవీధి బడిలో హాజరు పిలిచినట్టు ఉంటుంది. భారతీయ తల్లిదండ్రుల బిడ్డ, న్యూజెర్సీలో పెరిగింది, అప్పటికి 17 ఏళ్లు, ఇంకా హైస్కూలు. మొదటి రోజు 67 కొట్టి, అనుభవజ్ఞురాలైన ఇంగ్లండు క్రీడాకారిణి మెల్ రీడ్‌తో సమంగా అగ్రస్థానంలో నిలిచింది. తర్వాతి రెండు రోజులు 71, 72. ఆఖరి రోజు చివరి బృందంలో లెక్సీ థాంప్సన్, యూకా సాసోలతో కలిసి నడిచింది. ఆ రోజు మాత్రం 77 అయింది. 14వ స్థానం పంచుకుంది. ఔత్సాహికుల్లో ఆమెదే మొదటి స్థానం. నాలుగేళ్ల తర్వాత, 2025 ఆగస్టులో, ఆరెగాన్ సముద్రతీరంలోని బాండన్ డ్యూన్స్‌లో యూఎస్ విమెన్స్ అమెచ్యూర్ టైటిల్ గెలిచింది. అదీ లింక్స్ నేలే. ఇసుక, గాలి, పొట్టి గడ్డి.

మన తీరాన గోల్ఫ్ లేదనుకోకండి. విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్బు 1884 నాటిది. అయితే అది దొరల కాలంలో దొరలు పెట్టుకున్నది. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఇసుకలో మాత్రం ఇప్పటికీ వలలే ఆరుతున్నాయి.

ఇప్పుడు మస్సెల్‌బరో కథకు మిగిలిన సగం. ఎడిన్‌బరో గోల్ఫర్ల గౌరవ సంఘం అనే పాత సంఘం ఒకటుంది. 1744లో ఆటకు మొదటి రాతపూర్వక నిబంధనలు రాసింది వాళ్లే. 1836 నుంచి వాళ్లు మస్సెల్‌బరో లింక్స్ మీద ఆడారు. చేపలమ్మలు నడిచిన నేల అదే. జనం రద్దీ ఎక్కువైందని 1891లో అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్ల దూరంలో, అదే తీరాన, మ్యూర్‌ఫీల్డ్ అనే సొంత మైదానం వేసుకున్నారు. సభ్యులందరూ మగవాళ్లే. ఈ పద్ధతి ఒక శతాబ్దం దాటి సాగింది. 2016లో ఆడవాళ్లను సభ్యులుగా తీసుకోవాలా అని ఓటింగు పెడితే 64 శాతం సరేనన్నారు. మూడింట రెండు వంతులు కావాలి కాబట్టి తీర్మానం వీగిపోయింది. దాంతో పురుషుల ఓపెన్ ఇక అక్కడ పెట్టబోమని నిర్వాహకులు తేల్చి చెప్పారు. 2017 మార్చిలో మళ్లీ ఓటింగు పెట్టారు. ఈసారి 80 శాతం మంది ఒప్పుకున్నారు.

బ్రిటన్ విమెన్స్ ఓపెన్ 1976లో మొదలైంది, 2001లో మేజర్ అయింది. 2007లో తొలిసారి సెయింట్ ఆండ్రూస్ పాత మైదానానికి వెళ్లింది. అక్కడి ఆర్ అండ్ ఏ క్లబ్బు ఆడవాళ్లకు సభ్యత్వం ఇచ్చింది 2014లో. ఇక 2022 ఆగస్టులో ఆ పోటీ మ్యూర్‌ఫీల్డ్ గేటు దాటి లోపలికి అడుగుపెట్టింది. గంప, శాలువా పందెం జరిగిన 211 ఏళ్లకు, ఆ సంఘం మైదానంలో మహిళల మేజర్ జరిగింది.

ఆ పోటీ ఆఖరి రోజు, ఆదివారం రాత్రి నేను నరసాపురంలో మా మేనత్త ఇంట్లో ఉన్నాను. అర్ధరాత్రి దాటింది. అత్తయ్య గుమ్మం పక్క లైటు కింద కూర్చుని అల్లుతోంది. తెల్ల దారం ఉండ ఒళ్లో, సూది మొన ఉచ్చులోకి దూరి దారాన్ని పట్టుకుని బయటికొస్తోంది. ఒకటి, రెండు, మూడు అని లెక్క పెదవుల మీదే. నేను ఫోన్లో మ్యూర్‌ఫీల్డ్ చూస్తున్నాను.

దక్షిణాఫ్రికా అమ్మాయి ఆష్లీ బుహాయ్ అయిదు దెబ్బల ఆధిక్యంతో ఆఖరి రోజు మొదలుపెట్టింది. పదిహేనో గుంట దగ్గర ఒక్కసారిగా మూడు దెబ్బలు ఎక్కువ పడ్డాయి. చివరికి కొరియా అమ్మాయి చున్ ఇన్ జీతో సమమైంది. పద్దెనిమిదో గుంట మళ్లీ మళ్లీ ఆడించారు. మొదటిసారి తేలలేదు, రెండోసారి, మూడోసారి కూడా తేలలేదు. అక్కడ రాత్రి తొమ్మిది దాటింది, వెలుతురు పోతోంది. నాలుగోసారి బుహాయ్ బంతి పచ్చిక పక్కనున్న ఇసుక గుంటలో పడింది.

"ఏరా అబ్బాయ్, ఇంకా అవలేదా?" అంది అత్తయ్య.

"ఇదిగో, ఈ పిల్ల బంతి ఇసకలో పడింది. దీన్ని బయటికి తీస్తే తేలిపోద్ది."

సూది ఆపి ఫోన్లోకి వంగింది. బుహాయ్ పాదాలు ఇసుకలో కదిపి గట్టిగా నిలదొక్కుకుంది. బంతిని కొట్టలేదు, బంతి వెనక ఇసుకను కొట్టింది. గుప్పెడు ఇసుకతో పాటు బంతి లేచి, పచ్చిక మీద మెత్తగా దిగి, దొర్లుకుంటూ గుంటకు కూతవేటు కాదు, చేతికందే దూరంలో ఆగింది. ఆ గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. ప్రపంచంలో ప్రతి గోల్ఫ్ గుంటకూ అదే కొలత. 1829లో గుంటలు తీయడానికి మస్సెల్‌బరోలో చేయించిన పనిముట్టు కొలతే తర్వాత అందరికీ నియమమైంది.

బుహాయ్ మెల్లగా బంతిని లోపలికి తోసింది. గెలిచింది.

"ఇసకలోంచి భలే లేపిందిరా! ఎంతిస్తారంట?"

"పదకొండు లక్షల డాలర్లకు కొంచెం తక్కువ, అత్తయ్యా. మన డబ్బులో ఎనిమిదిన్నర కోట్లు పైనే."

ఆవిడ సూది మళ్లీ కదిలింది. నేను మస్సెల్‌బరో సంగతి చెప్పడం మొదలెట్టాను. చేపలమ్మలు, నుదుటి పట్టీ, ఏటా ఆడుకున్న ఆట. ఆవిడ వింటూ వరస పూర్తి చేసింది.

"మరి వాళ్లకేమిచ్చారు?"

"కొత్త చేపల గంప, ఒక శాలువా."

అల్లిక లైటు కేసి ఎత్తి, ఉచ్చులు సరిచూసుకుంది. ఒకచోట నచ్చలేదేమో, రెండు ఉచ్చులు విప్పింది.

"గంప సరేరా," అంది, "ఆ శాలువా ఎవరు అల్లారంట?"

(వచ్చే వారం: డచ్చివారి పాలకొల్లు)